గొంతునొప్పి మొదలయ్యాక పది వారాలు: పిల్లల్లో డిఫ్తీరియా నరాలను దెబ్బతీసే తీరు

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, వచ్చిన పిల్లల్లో చాలామందికి మందు పడ్డాక గొంతులోని తెల్లపొర వారం పది రోజుల్లో ఊడిపోతుంది. జ్వరం దిగుతుంది, అన్నం తింటారు, వాకిట్లో ఆడుకుంటారు. దవాఖాన నుంచి ఇంటికి పంపిస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లకు తల్లి మళ్లీ బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి, "నీళ్లు తాగితే ముక్కులకెల్లి వస్తున్నయి సారూ, మాట గూడ ముక్కుతోని మాట్లాడుతున్నడు" అంటుంది. ఆ ఒక్క మాటలో రోగ నిర్ధారణ మొత్తం ఉంది. దాన్ని పట్టుకున్న చోట పిల్లవాడికి బతికే అవకాశం చాలా ఎక్కువ. జలుబు అనుకొని సిరప్ రాసి పంపిన చోట, తర్వాతి వారం అదే పిల్లవాడు తాగిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాతో తిరిగొస్తాడు.

ఈ నరాల బలహీనత కొత్తగా వచ్చిన రోగం కాదు. గొంతునొప్పి రోజుల్లోనే ఒంట్లోకి చేరిన విషం చేసిన పని వారాలు గడిచాక బయటపడుతుంది. డిఫ్తీరియాతో దవాఖానలో చేరిన వారిలో సుమారు 15 నుంచి 20 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. మెడంతా వాచి, పొర ముక్కు వెనక దాకా పాకిన తీవ్రమైన కేసుల్లోనైతే నలుగురిలో ముగ్గురి దాకా ఏదో ఒక మేర ఉంటుంది. అందుకే గొంతునొప్పి మొదలైన తేదీని ఒకటో రోజుగా పెట్టుకొని అక్కడి నుంచి 10 వారాలు లెక్కపెట్టాలి. ఆ తేదీని, ఏ వారంలో దేనికోసం చూడాలో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసివ్వడం యాంటీబయాటిక్ రాసివ్వడమంత ముఖ్యం.

విషం ఎక్కడ పనిచేస్తుంది

డిఫ్తీరియా బ్యాక్టీరియా సాధారణంగా గొంతు, ముక్కు దాటి లోపలికి పోదు. అక్కడే పొర కింద కూర్చొని విషాన్ని తయారు చేస్తుంది, ఆ విషం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఈ సంగతి 1888లో పారిస్‌లో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ తేల్చారు. బ్యాక్టీరియా ఒక్కటి కూడా లేకుండా వడకట్టిన ద్రవాన్ని ఎక్కించినా జంతువులకు పక్షవాతం వచ్చింది. ఇంకో విశేషం, ఈ విషం తయారు చేసే జన్యువు బ్యాక్టీరియాది కూడా కాదు. దానిలో చేరిన ఒక వైరస్ మోసుకొచ్చింది. ఆ వైరస్ లేని రకం బ్యాక్టీరియాతో గొంతునొప్పి రావచ్చు గానీ ఈ విషంతో గుండె, నరాలు దెబ్బతినడం ఉండదు.

విషానికి రెండు భాగాలు. ఒకటి కణానికి అతుక్కుంటుంది, రెండోది లోపలికి దూరి, ప్రొటీన్ల తయారీకి తప్పనిసరైన ఈఎఫ్-2 అనే పదార్థాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఆ రెండో భాగం ఒక్క అణువు లోపలికి చేరినా ఆ కణం చనిపోవడానికి చాలు. నరాల విషయంలో దెబ్బ తినేవి ష్వాన్ కణాలు. నరం చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొరను చుట్టి, అరిగినకొద్దీ మళ్లీ నింపేది ఇవే. విషం వీటిలోకి గంటల్లోనే చేరుతుంది. మరి లక్షణాలకు వారాలెందుకు? గుడిసె కప్పే మనిషి పని మానేసినా కప్పు ఆ రోజే కురవదు. ఉన్న గడ్డి కుళ్లి, కొత్త గడ్డి పడకపోయినప్పుడు కురుస్తుంది. మైలిన్ సంగతీ అంతే. పాత పొర అరిగేదాకా నరం పనిచేస్తూనే ఉంటుంది, తర్వాత ముక్కలు ముక్కలుగా పొర ఊడి, సంకేతం నెమ్మదించి, చివరికి ఆగిపోతుంది.

ఇందులో ఆశ కలిగించే విషయం ఒకటుంది. లోపలి నరపు తీగ చాలావరకు చెక్కుచెదరదు. ష్వాన్ కణాలు కోలుకొని మళ్లీ పొర చుట్టగానే బలం తిరిగొస్తుంది. కాబట్టి ఈ రోగంలో వైద్యమంటే ముఖ్యంగా ఆ కోలుకునే రోజు దాకా బిడ్డను ఊపిరితో, ఆహారంతో నిలబెట్టడమే.

మెదడులోకి ఈ విషం దాదాపు చేరదు. అందుకే కాళ్లుచేతులు కదల్చలేక, మాట రాక, గాలి మిషన్ మీద ఉన్న పిల్లవాడికి కూడా పూర్తి తెలివి ఉంటుంది. చుట్టూ జరిగేదంతా వింటాడు, భయపడతాడు. వార్డులో ఉన్నవాళ్లు ఈ సంగతి మరవకూడదు. పక్కనే నిలబడి "బతుకుతడా" అని మాట్లాడుకోవద్దు. కనురెప్పలతో అవును, కాదు అనే సైగ నేర్పితే దాహమో, నొప్పో, మూత్రం బిగబట్టిందో చెప్పగలుగుతాడు. తెలివి తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఒంటివైపు చెయ్యీకాలూ పడిపోయినా మైలిన్ మీద నెపం వేయకూడదు. ఆక్సిజన్ అందకపోవడమో, దెబ్బతిన్న గుండెలో గడ్డకట్టిన రక్తపు ముక్క మెదడుకు పోవడమో అని వెతకాలి.

రోజుల లెక్క

వానాకాలం ముగిసే రోజుల్లో డిఫ్తీరియా కేసులు పెరగడం మామూలు. కాబట్టి ఈ లెక్కను పండుగలతో గుర్తుపెట్టుకోవచ్చు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు, అంటే అమావాస్య నాడు, గొంతునొప్పి మొదలైందనుకోండి. దసరా నుంచి ఆ తర్వాతి వారం పది రోజుల వరకు అంగిలి చచ్చుబడే కాలం. దీపావళి చుట్టుపక్కల, అంటే నాలుగో వారం అటూ ఇటూ, కళ్లు మసకబారే కాలం. కార్తీక పౌర్ణమికి ఆరు వారాలు దాటుతాయి. కాళ్లుచేతులు, ఊపిరి కండరాలు బలహీనపడేది ఎక్కువగా ఐదు నుంచి ఎనిమిదో వారం మధ్యే. అందరిలో అన్నీ రావు. కొందరిలో అంగిలితోనే ఆగిపోతుంది. తేదీలు ముందువెనకలు అవుతాయి గానీ, వరుస మాత్రం సాధారణంగా ఇదే: ముందు అంగిలి, తర్వాత కళ్లు, ఆ తర్వాత కాళ్లుచేతులు.

ఈ వరుసలో ఒక మోసం ఉంది. కాళ్ల బలహీనత మొదలయ్యే సమయానికి ముక్కు మాట తగ్గుముఖం పడుతుంటుంది. ఇంట్లోవాళ్లు "నయమైతున్నది" అనుకునే రోజులూ, ఊపిరి కండరాలు దెబ్బతినే రోజులూ ఒకటే. అంగిలి బలహీనత కనిపించిన ప్రతి బిడ్డనూ, మాట బాగైనా సరే, ఎనిమిదో వారం దాటేదాకా వారానికి కనీసం రెండుసార్లు ఎవరో ఒకరు కళ్లతో చూడాలి. తండాలకు, దూరపు ఊళ్లకు ఆ పని ఆశా కార్యకర్తే చేయగలదు. ఆమెకు ఏం చూడాలో చెప్పి పంపడం డాక్టరు బాధ్యత.

అంగిలి

మింగేటప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. దాని నరాలు గొంతు పక్కనే ఉన్నందున, రక్తంలో వచ్చిన విషంతో పాటు అక్కడికక్కడే ఊరిన విషం కూడా తగులుతుంది. అందుకే మొదటి దెబ్బ దానికే. అంగిలి లేవకపోతే పలుచని ద్రవాలు ముక్కులోంచి వస్తాయి. నీళ్లు, మజ్జిగ, పాలు ఇబ్బంది పెడతాయి. జొన్న గటక, చిక్కని జావ కొంత సులువుగా దిగుతాయి.

మాటతో పరీక్ష చాలా సులువు. జలుబుతో ముక్కు మూసుకుంటే "మామ" అన్నది "బాబ" లాగా వినిపిస్తుంది. అంగిలి చచ్చుబడితే దీనికి తలకిందులు. గాలి ముక్కులోంచి జారిపోయి "బాబ" "మామ" లాగా, "బతుకమ్మ" "మతుకమ్మ" లాగా వినిపిస్తుంది. బిడ్డ చేత పాప, బాబాయి, బడి, పప్పు అనిపించి వినండి. బుగ్గలు పూరించి గాలి బిగబట్టమనండి. ఆగకుండా ముక్కులోంచి పోతుంటే అంగిలి పనిచేయడం లేదు. ముక్కు కింద చిన్న అద్దం పట్టి "పా పా పా" అనిపిస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. నోరు తెరిపించి టార్చి వేసి "ఆ" అనమంటే అంగిలి లేవకుండా అలాగే వేలాడుతుంది. గొంతు వెనక పుల్లతో తాకినా ఓకరింపు రాదు. ఒకటి గుర్తుంచుకోవాలి. గొంతులో ఇంకా తెల్లపొర ఉన్న రోజుల్లో పుల్లతో గీకడం, పొరను లాగడం చేయకూడదు. రక్తం కారుతుంది, పొర ఊడి శ్వాసనాళానికి అడ్డం పడవచ్చు.

ముక్కులోంచి నీళ్లు రావడం కంటే ప్రమాదం, మింగిన వెంటనే దగ్గు, పొలమారడం, గొంతులో గరగర, నోట్లో చొంగ నిలవడం. ఇవి గొంతు కండరాలు కూడా పోయాయనడానికి గుర్తు. ఆ క్షణం నుంచి నోటితో ఏమీ పెట్టకూడదు. ముక్కు గొట్టం ద్వారానే తిండి. పల్లెల్లో ఈ దశలో "మాట పడిపోయింది" అని పసరు పోసే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. మింగలేని గొంతులో పోసిన పసరైనా, నూనైనా, కొబ్బరినీళ్లైనా నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పసరు మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ అక్కర్లేదు. ఆ సమయంలో పాలు కూడా విషమే.

కళ్లు

దగ్గరి అక్షరాలను చూడటానికి కంటిలోని కటకాన్ని ఉబ్బించే చిన్న కండరం బలహీనపడుతుంది. బోర్డు మీది రాత కనిపిస్తుంది, పుస్తకంలోది అలికినట్టు ఉంటుంది. బడికి వెళ్లే వయసు పిల్లలు ఈ మాట టీచరుకే ముందు చెబుతారు. టార్చి వేస్తే కంటిపాప మామూలుగానే ముడుచుకుంటుంది, అది ఈ రోగం ప్రత్యేకత. కొందరిలో మెల్లకన్ను పడి ఒకటి రెండుగా కనిపిస్తుంది. అద్దాల దుకాణానికి తీసుకెళ్లి శాశ్వతంగా అద్దాలు చేయించాల్సిన పని లేదు, వారాల్లో దానంతటదే పోతుంది. చదువుకు మరీ ఇబ్బందైతే దగ్గరి చూపు అద్దాలు తాత్కాలికంగా వాడొచ్చు.

కాళ్లు, మెడ, ఊపిరి

కాళ్ల బలహీనత మెల్లగా మొదలవుతుంది. కూర్చున్నవాడు తొడ మీద చెయ్యి ఆనించి లేస్తాడు, మెట్లు ఎక్కలేడు, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదు. అరికాళ్లలో తిమ్మిరి, తూలుతూ నడవడం ఉంటాయి. రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటుంది. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరదు.

అన్నిటికంటే ముందు గమనించాల్సింది మెడ. పడుకున్న పిల్లవాణ్ణి దిండు మీది నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే, కూర్చోబెట్టినప్పుడు తల ముందుకు వాలిపోతుంటే, ఊపిరి కండరాలు కూడా దెబ్బతింటున్నాయని అనుకోవాలి. మెడకు, ఊపిరితిత్తుల కింది పెద్ద కండరమైన డయాఫ్రమ్‌కు నరాలు మెడలోంచే, దగ్గరదగ్గరగా బయలుదేరుతాయి.

మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేస్తుంది. డయాఫ్రమ్ చచ్చుబడితే పీల్చినప్పుడు పొట్ట లోపలికి పోతుంది. పిల్లవాడు పడుకోలేక కూర్చొనే ఉంటానంటాడు, దగ్గులో బలం ఉండదు, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతాడు. పెద్ద పిల్లలను ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలరో రోజూ అదే సమయానికి లెక్కపెట్టించి రాసిపెట్టాలి. అంకె ఎంతుందన్నది ఒక్కటే కాదు, నిన్న 18 ఉన్నది ఈ రోజు 11 అయితే వెంటనే కదలాలి. ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరికరం ఉన్నచోట కిలో బరువుకు 20 మిల్లీలీటర్ల కంటే తగ్గితే, అంటే 20 కిలోల పిల్లవాడికి 400 మిల్లీలీటర్లు, శ్వాస గొట్టం వేయడానికి సిద్ధం కావాలి.

వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఇక్కడ నమ్మించి మోసం చేస్తుంది. కండరాలు అలిసినప్పుడు ముందుగా రక్తంలో పెరిగేది బొగ్గుపులుసు వాయువు. ఆక్సిజన్ అంకె 97 చూపిస్తుండగానే పిల్లవాడు మత్తులోకి జారుకోవచ్చు. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఈ మోసం ఇంకా ఎక్కువ. మీటరు 90కి పడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

కొల్లాపూర్ నుంచో దేవరకొండ నుంచో హైదరాబాద్‌కు పంపేటప్పుడు దారిలోనే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కాబట్టి ఆలోచించి పంపాలి. మెడ వాలిపోయిన, మింగలేని బిడ్డను ఆటోలో, ఒళ్లో పడుకోబెట్టుకొని పంపకూడదు. 108 వాహనంలో, ఒక పక్కకు తిప్పి, తల వైపు కొద్దిగా ఎత్తి, నోట్లో చొంగ లాగే మిషను, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉంటేనే బయలుదేరాలి. దారిలో నోటితో ఏమీ ఇవ్వొద్దు. పరిస్థితి మరీ అంచున ఉంటే జిల్లా వైద్య కళాశాల దవాఖానలోనే గొట్టం వేసి పంపడం మేలు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. గొట్టం వేయగల మత్తు డాక్టరు కోసం నేరుగా హైదరాబాదే పోనక్కర్లేదు.

గుండె

నరాల గురించి రాస్తూ గుండెను వదిలేయడం కుదరదు. డిఫ్తీరియాలో చావులకు పెద్ద కారణం గుండె కండరం వాపే. అది ఎక్కువగా మొదటి రెండు వారాల్లో బయటపడుతుంది, ఆలస్యంగానూ రావచ్చు. దానికి తోడు గుండె వేగాన్ని, బీపీని నడిపే నరాలు కూడా దెబ్బతింటాయి. పడుకున్నా నాడి 140 కొట్టడం, బీపీ ఎగుడుదిగుడులు, మూత్రం బిగబట్టడం అందుకే. గొంతు బాగైన పిల్లవాడు మంచం దిగి పరుగెత్తి కుప్పకూలిన సందర్భాలు వైద్యానికి చాలా కాలంగా తెలుసు. ఈసీజీ మామూలుగా ఉందని తేలేదాకా మంచం మీది విశ్రాంతి తప్పనిసరి, బాత్రూముకు కూడా ఎత్తుకొనే తీసుకెళ్లాలి.

ఇంకేం కావచ్చు

పదిహేనేళ్ల లోపు ఎవరికి హఠాత్తుగా కాళ్లుచేతులు మెత్తబడినా అది పోలియో నిఘా కిందికి వస్తుంది. డిఫ్తీరియా అని మనకు ఎంత నమ్మకం ఉన్నా జిల్లా అధికారులకు తెలపాలి. బలహీనత మొదలైన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మలం నమూనాలు, ఒక్కొక్కటి బొటనవేలంత, సుమారు 8 గ్రాములు, చల్లగా పంపాలి. పోలియోలో జ్వరంతో పాటు బలహీనత వస్తుంది, ఒక కాలు ఎక్కువ, ఒకటి తక్కువగా ఉంటుంది, స్పర్శ పోదు.

గట్టి పోటీ ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద పడే గులియన్ బారే జబ్బుతోనే. రెండింట్లోనూ మోకాలి ప్రతిచర్య పోతుంది, రెండింట్లోనూ వెన్నునీటిలో కణాలు పెరగకుండా ప్రొటీన్ పెరుగుతుంది. నరాల వేగ పరీక్ష కూడా విడదీయలేకపోవచ్చు. అదీగాక డిఫ్తీరియాలో ఆ పరీక్ష మనిషి వెనకే నడుస్తుంది. బిడ్డ బాగవుతున్న రోజుల్లో రిపోర్టు ఇంకా చెడుగా రావచ్చు. తేడా చెప్పేది చరిత్ర. గులియన్ బారే ఎక్కువగా కాళ్లతో మొదలై పైకి పాకుతుంది, డిఫ్తీరియా అంగిలితో మొదలై కిందికి దిగుతుంది. నెల కిందట గొంతునొప్పి వచ్చిందా, మెడ వాచిందా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా, టీకా కార్డులో ఏముంది, ఈ నాలుగూ అడగాలి. ఈ దశలో గొంతు స్వాబ్‌లో బ్యాక్టీరియా దొరకకపోవడం మామూలే, యాంటీబయాటిక్స్ దాన్ని ఎప్పుడో చంపేసి ఉంటాయి. స్వాబ్ నెగటివ్ అని డిఫ్తీరియాను కొట్టేయకూడదు. ఈ తేడా డబ్బుతోనూ ముడిపడి ఉంది. గులియన్ బారేకు ఇచ్చే ఖరీదైన ఇమ్యునోగ్లోబులిన్ కిలోకు 2 గ్రాముల చొప్పున 20 కిలోల పిల్లవాడికి 40 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు ఎనిమిది. డిఫ్తీరియా నరాల జబ్బులో దానివల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు. అయితే నిజంగా ఎటూ తేలనప్పుడు గులియన్ బారే అనుకొని ఇవ్వడాన్ని తప్పుపట్టలేం.

మన పల్లెల్లో మరవకూడనిది కట్లపాము కాటు. రాత్రి నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లారేసరికి కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలి, మింగలేకపోతే అది గంటల్లో ముదిరే వ్యవహారం. కాటు గుర్తు కనిపించకపోయినా పాము విషానికి విరుగుడు వెంటనే ఇవ్వాలి. డిఫ్తీరియా నరాల బలహీనత గంటల్లో మొదలై ముదరదు, రోజులు పడుతుంది.

నల్లగొండ పశ్చిమ మండలాల్లో ఇంకో చిక్కు. మునుగోడు, మర్రిగూడ వైపు కాళ్ల ఇబ్బంది అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగుతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు కొయ్యబారి మోకాలి ప్రతిచర్య పెరుగుతుంది. అది ఏళ్ల మీద వచ్చేది. కాళ్లు మెత్తబడి, ప్రతిచర్య పోయి, వారాల్లో నడక ఆగితే ఫ్లోరైడ్ ఖాతాలో వేయకూడదు.

పనిచేసే మందు, పనిచేయని మందు

విషానికి విరుగుడు గుర్రపు సీరంతో చేసిన యాంటీటాక్సిన్, దవాఖానల్లో ఏడీఎస్ అంటారు. రక్తంలో తిరుగుతున్న విషాన్నే అది పట్టుకోగలదు. కణం లోపలికి చేరినదాన్ని ముట్టుకోలేదు. అందుకే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా, పొర చూడగానే ఇవ్వాలి. మొదటి 48 గంటల్లో పడితే గుండె, నరాల దెబ్బ బాగా తగ్గుతుంది. గొంతు వరకే ఉండి రెండు రోజుల్లోపు వస్తే 20,000 నుంచి 40,000 యూనిట్లు, ముక్కు వెనక దాకా పాకితే 40,000 నుంచి 60,000, మూడు రోజులు దాటినా, మెడంతా వాచినా 80,000 నుంచి 1,00,000 యూనిట్లు. మోతాదు బరువును బట్టి కాదు, విషాన్ని బట్టి. ఐదేళ్ల బిడ్డకూ పెద్దవాళ్లకూ ఒకటే. గుర్రపు సీరం కాబట్టి తీవ్రమైన అలర్జీకి అడ్రినలిన్ పక్కనే ఉంచుకొని, సెలైన్‌లో కలిపి నిదానంగా ఎక్కించాలి. వారం నుంచి రెండు వారాల మధ్య దద్దుర్లు, జ్వరం, కీళ్లనొప్పి వస్తే అది సీరం వల్ల. నొప్పితో నడవకపోవడాన్ని నరాల బలహీనతగా పొరబడొద్దు.

ఈ సీరం అన్నిచోట్లా దొరకదు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ దవాఖానకు ఇలాంటి కేసులను పంపడం ఎప్పటినుంచో ఉంది. పంపేముందు ఫోను చేసి సీరం ఉందో లేదో కనుక్కోవడం, యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇక్కడే ఇచ్చేయడం గంటలు మిగుల్చుతాయి. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ లేదా పెన్సిలిన్ బ్యాక్టీరియాను చంపి కొత్త విషం తయారవకుండా ఆపుతాయి, ఉన్న విషాన్ని తీసేయవు. కోర్సు 14 రోజులు.

అంగిలి, కాళ్లు పడిపోయాక, గొంతులో రోగం అణిగాక ఏడీఎస్ ఇచ్చి ప్రయోజనం లేదు. స్టెరాయిడ్లు నరాల జబ్బును ఆపలేవని పరీక్షించి చూశారు. ఆర్ఎంపీల దగ్గర పొడిచే బీ12 "నరాల ఇంజెక్షన్లు" ఇక్కడ ఏ మార్పూ తేవు, రోజులు మాత్రం పోతాయి.

నిలబెట్టే పని

మింగగలిగి, ముక్కులోంచి మాత్రమే వస్తుంటే నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి దించి, చిన్న చెంచాతో చిక్కని జావ, మెత్తని పప్పన్నం పెట్టాలి. ఒక ముద్ద పూర్తిగా దిగాకే రెండోది. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. దగ్గు మొదలైతే ముక్కు గొట్టం. గొట్టంలో పోసే ప్రతిసారీ అది పొట్టలోనే ఉందో లేదో చూసి, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, నిదానంగా పోయాలి. తొందరలో పడుకోబెట్టి పోసిన ఒక్క గ్లాసు పాలు వారాల కష్టాన్ని పోగొట్టగలవు.

కదలలేని బిడ్డను రెండేసి గంటలకు పక్క మార్చాలి. పాదాలు కిందికి వాలిపోకుండా అట్టపెట్టెనో, చెక్కనో ఆనించి నిటారుగా ఉంచాలి. కీళ్లన్నిటినీ రోజుకు మూడు నాలుగుసార్లు మెల్లగా కదపాలి. బలం వచ్చేదాకా, గుండె కుదుటపడేదాకా, బలవంతంగా నడిపించే వ్యాయామం వద్దు. రెప్ప మూతపడకపోతే చుక్కలు వేసి కన్ను కప్పాలి.

అంగిలి సాధారణంగా కొన్ని వారాల్లో కోలుకుంటుంది. కాళ్లకు రెండు మూడు నెలలు, కొందరికి ఆరు నెలలు, అరుదుగా ఏడాది. మోకాలి ప్రతిచర్య అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. బిడ్డ పరుగెత్తుతున్నా అది రాకపోవచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. గాలి మిషన్ మీద వారాలు గడిచే సరికి ఇంట్లోవాళ్లు ఆశ వదులుకొని తీసుకెళ్లిపోతామంటారు. పుస్తెలు అమ్మినవాళ్లకు ఆ మాట ఊరికే రాదు. ఈ నరం మళ్లీ పనిచేస్తుందని, ఇది పోలియో లాగా మిగిలిపోయే అవిటితనం కాదని మొదటి రోజే, మళ్లీ ప్రతి వారం, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

కార్డులో ఖాళీ గళ్లు

ఇప్పుడు మన దేశంలో డిఫ్తీరియా ఎక్కువగా ఐదేళ్లు దాటిన పిల్లల్లో కనిపిస్తోంది. చంటిప్పుడు వేసిన మూడు పెంటావాలెంట్ (ఐదు రోగాల టీకా) డోసుల రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. దాన్ని నిలబెట్టేవి బూస్టర్లు. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టర్, 5 నుంచి 6 ఏళ్ల మధ్య రెండోది, 10, 16 ఏళ్లకు టీడీ, అంటే ధనుర్వాతం, డిఫ్తీరియాల టీకా. ప్రతి డోసు అర మిల్లీలీటరు. తల్లులు మొదటి మూడూ తప్పకుండా వేయిస్తారు. పోయేవి ఆ తర్వాతివి. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనికి పోయే కుటుంబాల్లో ఏడాదిన్నర వయసు బిడ్డ ఆ నెలలో ఎక్కడ ఉంటాడో ఏ ఊరి రిజిస్టరులోనూ ఉండదు. దేవరకొండ తండాల్లో, నల్లమలలో పెంటలనే చెంచు గూడేల్లో, ఇటుక బట్టీల దగ్గర ఇదే వరస. ఐదేళ్ల బూస్టర్ సంగతి బడిలో చేరే హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతికో, ఊరి జాతరకో ఊరికి వచ్చే వారం పది రోజులే ఏఎన్ఎంకు దొరికే అవకాశం. ఆ రోజుల్లో పడే బుధ, శనివారాలకు ముందే పేర్లు రాసిపెట్టుకోవాలి.

డోసు తప్పితే మొదటి నుంచి మళ్లీ వేయనక్కర్లేదు, ఆగిన చోట నుంచి కొనసాగిస్తే చాలు. ఏడేళ్లు నిండాక డీపీటీ బదులు టీడీ. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు.

ఒక ఇంట్లో డిఫ్తీరియా వస్తే తోబుట్టువులకు, ఒకే గదిలో పడుకునేవాళ్లకు గొంతు స్వాబ్ తీసి, ఫలితం కోసం ఆగకుండా మందు ఇవ్వాలి. ఎరిత్రోమైసిన్ కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు భాగాలుగా 7 నుంచి 10 రోజులు. మందు మింగిస్తారన్న నమ్మకం లేనిచోట బెంజాథిన్ పెన్సిలిన్ ఒకే ఇంజెక్షన్, ఆరేళ్ల లోపు 6 లక్షల యూనిట్లు, పైబడినవాళ్లకు 12 లక్షలు. వారం రోజులు రోజూ గొంతు చూడాలి, కార్డులో ఖాళీ ఉన్న డోసు అప్పుడే వేయాలి. రోగం వచ్చి కోలుకున్న బిడ్డకు కూడా టీకా కావాలి. విషానికి తగినంత రక్షణ రోగం వల్ల ఒంట్లో తయారవుతుందన్న నమ్మకం లేదు కాబట్టి, కోలుకున్న తర్వాత వయసుకు తగిన డోసులు మొదలుపెట్టి పూర్తి చేయాలి.